బడి ముందు తెల్ల చారలు

బడి ముందు ప్రమాదం జరిగిన రోజు నుంచి సంతోషకుమారి కొడుకు ఏసుబాబు ఇంటికి రాలేదు. అతని కంచంలో ఆమె ఇంకెవరికీ అన్నం పెట్టలేదు. సంక్రాంతి సెలవులు వెళ్లాక, సర్పంచిని ఒప్పించి, రోడ్డు చారలు వేసే చెంచయ్యను పొదిలి నుంచి పిలిపించింది.

చెంచయ్య బడి గేటు ముందు వంగి, అరిగిపోయిన పాత చారను గోటితో గీకాడు.

"రెండు రకాలున్నాయి టీచరుగారూ. మామూలు పెయింటు చవక. కానీ పత్తి లారీలు, మిర్చి లారీలు తిరిగే రోడ్డిది. ఆర్నెల్లు పోతే చార ఎక్కడుందో వెతుక్కోవాలి."

"రెండోది?"

"పొడిని కరిగించి, వేడివేడిగా పరుస్తాం. థర్మోప్లాస్టిక్ అంటారు. మూడేళ్లు ఢోకా లేదు. పైన సన్న గాజుపూసలు చల్లుతాం, లైటు పడగానే మెరుస్తాయి. ఖర్చు మాత్రం నాలుగింతలు."

"నాలుగింతలు పెడితే ఆరింతలు నిలుస్తుంది. అయితే ఇదే చవక."

చెంచయ్య నవ్వాడు. "లెక్కల టీచరుతో బేరం పెట్టుకున్నా. ఇక నాకేం మిగులుద్ది!"

ఆమె నవ్వలేదు. "పొద్దుటి మంచులో కనపడాలి."

"నిద్రమొహం డ్రైవరుక్కూడా కనపడుద్దండి." అతను గొంతు తగ్గించాడు. "టీకొట్టులో అనుకుంటున్నారు. ఆ ప్రమాదం... మీ అబ్బాయేనంటగా?"

"మా అబ్బాయే."

"ఈ చారలు అప్పుడే ఉంటే ఆ లారీవాడు ఆగేవాడమ్మా."

"ఆగేవాడే."

"వాణ్ణి మాత్రం వదలకండి. జైల్లోనే కుళ్లాలి వెధవ."

ఆమె కొంగు సర్దుకుంది. "పని ఎప్పుడు మొదలుపెడతారు?"

ఆదివారం పని జరిగింది. ఆమె చర్చికి వెళ్లకుండా గేటు దగ్గరే నిలబడి చూసింది. చివరి చార మీద గాజుపూసలు చల్లుతూ చెంచయ్య అడిగాడు:

"పక్కన అబ్బాయి పేరు రాయమంటారా, జ్ఞాపకార్థం అని? దానికేం తీసుకోను."

"పేరు వద్దు."

చారలు కాసేపటికే గట్టిపడ్డాయి. సత్తెనపల్లి వైపు నుంచి ఒక పత్తి లారీ వచ్చింది. చారల ముందు వేగం తగ్గించి, ఆగింది. డ్రైవరు ఆమెను దాటమని చెయ్యి ఊపాడు.

"చూశారా, ఆగాడు! ముందు మీరే దాటాలమ్మా," అన్నాడు చెంచయ్య సంబరంగా.

సంతోషకుమారి మొదటి చార దాకా వెళ్లి నిలబడిపోయింది. రోడ్డుకి అవతల, ఎదురింటి తలుపు తెరిచే ఉంది.

ఏసుబాబు నడిపిన లారీ కింద పోయిన పిల్ల ఇంటికి ఆమె ఇంకా వెళ్లలేదు.