చింతగింజల పందెం

ఆ ఆదివారం మధ్యాహ్నం కాకినాడలో ప్రతిదానికీ సలహా చెప్పే చెవిపూసలు అందరివీ మూగబోయాయి. మరమ్మతులున్నాయని, సాయంత్రం దాకా ఎవరి నిర్ణయాలు వాళ్లే తీసుకోవాలని ముందే చెప్పారు. కూరలో ఉప్పెంత వేయాలో కూడా పూసనే అడిగే మందాకినికి వంట ముగించేసరికి చెమటలు పట్టాయి.

భోజనాలయ్యాక భర్త పురుషోత్తం పేకముక్కలు తీశాడు. చింతగింజలు పందెంగా పెట్టుకుని ఇద్దరూ పోకర్ మొదలుపెట్టారు. నాలుగో ఆటలో ఆయన తన గింజలన్నీ ముందుకు తోసేసి, "మానుకుంటే మంచిదే, ఆలోచించుకో," అన్నాడు.

ఆమెకు పడింది ఏడుల జత మాత్రమే. పూస పలుకుతుంటే గెలుపు అవకాశమెంతో చెప్పేది. అది లేక, చాలా ఏళ్ల తర్వాత ఆయన ముఖంలోకి నిదానంగా చూసింది. ఆయన నవ్వుతున్నాడు గాని కళ్లు ఆర్పడం లేదు. ఆ ధీమా అబద్ధమని, చేతిలో మంచి ముక్కల్లేవని ఆమె మనసు గట్టిగా చెప్పింది.

తన గింజలూ ముందుకు తోసి, "చూపించండి," అంది.

ఆయన దగ్గర జత కూడా లేదు. "అమ్మో, ఎలా కనిపెట్టావే?" అన్నాడు.

మందాకిని గెలిచిన గింజలు ముట్టుకోలేదు. మొన్న గురువారం ఆసుపత్రి నుంచి వచ్చి, రిపోర్టు బాగానే ఉందన్నప్పుడూ ఆయన గుమ్మంలో నిలబడి ఇలాగే నవ్వాడు. అప్పుడూ ఆమె మనసు కలుక్కుమంది. పూస మాత్రం ‘నిజమే చెబుతున్నారు’ అంది. ఆమె ఊరుకుంది.

"ఏమండీ, గురువారం డాక్టరు గారు ఏమన్నారు?"

పురుషోత్తం ముక్కలన్నీ సర్ది పక్కన పెట్టాడు.

"ఈసారి నిన్ను కూడా తీసుకుని రమ్మన్నారు," అన్నాడు.