నొక్కని బటన్

"ఆ ఎర్ర బటను నొక్కరా," అంది వెనక సీట్లోంచి నూకమ్మ. భర్త తవిటయ్య తల ఆమె ఒళ్లో ఉంది.

"ఇప్పుడే నొక్కకూడదమ్మా," అన్నాడు కారు నడుపుతున్న కొడుకు యువరాజు.

టెక్కలి ఆస్పత్రిలో చేతులెత్తేశారు. ఎంతోసేపు లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కిడ్నీలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు ఊపిరి వంతు వచ్చింది. వాళ్లది సముద్రం ఒడ్డున వేట మీద బతికే పల్లె. బయట ప్రాణం వదిలినవాణ్ని అక్కడ ఇంటి గుమ్మం దాటనివ్వరు. ఎంతటివాడైనా సరే, ఒడ్డున వలల పాకలో పడుకోబెట్టి అటునుంచి అటే సాగనంపుతారు. తవిటయ్యేమో ఆస్పత్రి మంచం మీద ఒక్కటే కోరాడు, నన్ను నా ఇంట్లో పడుకోబెట్టండని. మనిషన్నవాడు ఇంతకంటే చిన్న కోరిక ఏం కోరతాడు చెప్పండి? ఆ కోరిక తీరాలంటే గుమ్మం దాటేదాకా ఊపిరుండాలి. ఉందో లేదో తేల్చే కులపెద్ద అసిరయ్య ముందు సీట్లోనే కూర్చుని ఉన్నాడు.

"ఏటా బటను?" అని అడిగాడు అసిరయ్య.

"గ్యాసన్నా. డిక్కీలో బాటిలుంది. అది నొక్కితే బండి ఎగిరిపోద్ది. కారు పందేలకి నొక్కుతాడు, కన్నతండ్రికి నొక్కడంట," అంది నూకమ్మ.

"నైట్రస్ మావా. పెట్రోలు మరింత మండేలా సేత్తాది. ఇంజను బాగా వేడెక్కకుండా వదిలితే పిస్టను పగిలిపోద్ది. దారిలో బండి ఆగిపోతే అసలుకే మోసం."

అసిరయ్యకి అర్థమైందో లేదో గానీ తలూపాడు.

నౌపడ దగ్గర రైలు గేటు పడింది. యువరాజు స్టీరింగ్‌ని పిసికేస్తున్నాడు.

"ఇంజను ఆపీ అల్లుడా, పెట్రోలు దండగ."

"వద్దు," అన్నారు తల్లీకొడుకులిద్దరూ ఒక్కసారే.

కారు సన్నగా అదురుతూనే ఉంది. నూకమ్మ భర్త ఛాతీ మీది దుప్పటి సర్దింది. "సూడన్నా, కదుల్తన్నాది కదా?"

అసిరయ్య వెనక్కి తిరిగి, కళ్లు చికిలించి చూశాడు. "కదుల్తన్నాది. ఇంకా ఉన్నాడు."

గేటు లేచింది. ఉప్పు లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తున్నాయి.

"ఇంజను వేడెక్కింది కదా, ఇప్పుడు నొక్కు."

"ఎలాగమ్మా? ఎదర రోడ్డు ఖాళీగా ఉండాలి, యాక్సిలరేటరు అడుగంటా తొక్కాలి. సగం తొక్కి గ్యాసు వదిలితే ఇంజను పేలిపోద్ది."

మలుపులన్నీ అయిపోయాయి. పోర్టు కోసం వేసిన కొత్త రోడ్డు వచ్చింది. తిన్నటి రోడ్డు, మనిషి లేడు, గొడ్డు లేదు.

"ఇప్పుడేటి అడ్డం?"

యువరాజు గ్యాసు మీటరు వైపు చూపించాడు. "ఎండకి బాటిలు కాగిపోనాది. ముల్లు ఎర్రగీత దాటీసింది. గ్యాసు ఎక్కువై పెట్రోలు సాలకపోతే లోపల అంతా కరిగిపోద్ది. ముల్లు దిగనీ."

"ముల్లు దిగేలోపు మనిషి పోతాడురా," అని నూకమ్మ గొంతు చించుకుంది. "నీ బండికేటైపోద్దో అని నీ గుబులు. ఈ మనిషి ఏటైపోయినా నీకేటి? నీలాంటోణ్ని కన్నాను సూడు, నాది బుద్ధి తక్కువ."

"ఊరుకో నూకమ్మా, పిల్లడు నడపద్దా?" అన్నాడు అసిరయ్య.

యువరాజు కళ్లు తుడుచుకున్నాడు. బటన్ మాత్రం నొక్కలేదు.

కారుని ఇంటి గుమ్మానికి ఆనించినట్టు ఆపాడు, ఇంజను ఆపకుండా. అసిరయ్య ముందుగా దిగి జనాన్ని జరిపాడు. "ఊపిరుంది, నా కళ్లతో సూసినాను. లోపలికి తేండి."

తవిటయ్యని ఆయన కోరుకున్న చోటే చాప మీద పడుకోబెట్టారు. నూకమ్మ భర్త నోట్లో నీళ్లు పోసింది. నీళ్లు చెంప మీంచి జారి చాప తడిసింది. అసిరయ్య చెయ్యి పట్టుకు చూసి, "ఇప్పుడే పోనాడు. తన ఇంట్లో పోనాడు, పుణ్యాత్ముడు," అన్నాడు.

నూకమ్మ గుండెలు బాదుకుంది. "ఆ బటను నొక్కుంటే నా సేతి నీళ్లు తాగి పోనోడే. బండి దాసుకుని తండ్రిని పోగొట్టుకున్నావు కదరా."

ఆడవాళ్లు యువరాజు వైపు చూసిన చూపు పగవాడిక్కూడా వద్దు. ఓదార్చడానికి ఒక్కరూ దగ్గరికి రాలేదు. కాసేపటికి మగవాళ్లు పాడె పనులకి, ఆడవాళ్లు నీళ్లకి బయటికి వెళ్లారు.

యువరాజు తల్లి కాళ్లు పట్టుకున్నాడు. ఇక దాచుకోవడం అతని వల్ల కాలేదు.

"అమ్మా, నాన్నని నాను సంపలేదే. కారెక్కించినప్పుడే ఒళ్లు సల్లబడిపోనాది. నీకు తెలిత్తే అసిరయ్య మావతో అబద్ధమాడలేవని సెప్పలేదు. కదిలింది నాన్న కాదే, ఇంజను."

నూకమ్మ గుమ్మం వైపు చూసింది. బయట ఎవరూ లేరు. కొడుకుని లాక్కుని గుండెకి అదుముకుంది.

"మనుషులున్న బండిలో నువ్వది నొక్కవని తెలిసే అరిసాను నాయనా, ఆ అసిరయ్య నమ్మాలని. మెల్లగా ఏడు," అంది అతని చెవిలో. "ఆస్పత్రి మంచం మీదే, నువ్వు కారు తేడానికెళ్లినప్పుడు, మీ నాన్న కళ్లు నానే మూసినాను."