బోణీ

"నెలకెంత వస్తదయ్యా నీకు?" అన్నాడు గురునాథం షావుకారు.

నరసరావుపేటలో పాత కార్లు వాయిదాల మీద ఇచ్చే షావుకారు ఆయన. వాకిట్లో నల్ల ల్యాండ్‌మాస్టర్ కారు నిలబడి ఉంది. ఆకలిగొన్నవాడు అన్నం కుండ వంక చూసినట్టు శౌరి దాని వంకే చూస్తున్నాడు.

"ఇంత అని చెప్పలేనయ్యా. ఒక వారం ఊపిరి సలపదు. ఒక వారం ఈగలు తోలుకుంటా కూర్చోవటమే. ఎండలు ముదిరినప్పుడు, ముసుర్లు పట్టినప్పుడు మాత్రం చేతినిండా పని."

"రశీదులేమన్నా ఉన్నాయా?"

"గుర్రబ్బండోడికి రశీదులేందయ్యా! చేతిలో పెట్టి పోతారు."

శౌరిది మాచర్ల. పెళ్లి కాకముందు నుంచీ గుర్రబ్బండే తోలుతున్నాడు. ఇప్పుడు గుర్రం ముసలిదైపోయింది. ముందుకాలు వాచింది. వెల్దుర్తి దాకా వెళ్లొస్తే మర్నాడు లేవడం లేదు. అవతల సాగర్‌లో ఆనకట్ట పని జోరుగా సాగుతోంది. అక్కడి లారీ డ్రైవర్లను బతిమాలి స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. ఈ కారు దొరికితే బతుకుతాడు. దొరక్కపోతే ఈ వయసులో పెళ్లాం మార్తమ్మతో కలిసి ఆనకట్ట దగ్గర రాళ్లు కొట్టుకోవాలి. ఆమెకు చూస్తే ఉబ్బసం. ఆ రాతి దుమ్ములో ఆమె ఎన్నాళ్లుంటుందో అతనికి తెలుసు. తెలిసి మాత్రం ఏం చెయ్యగలడు, పాపం!

సత్తెనపల్లి షావుకారు దగ్గర ఒకసారి ఇట్లాగే కారు అడిగి భంగపడ్డాడు. అక్కడ శౌరి అడగని సంగతి కూడా చెప్పాడు. ఆయన కారు మీద చెయ్యి కూడా వెయ్యనివ్వకుండా పొమ్మన్నాడు. అందుకే ఈసారి బయల్దేరేటప్పుడు మార్తమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది.

"అడిగినదానికే జవాబు చెప్పు. నోరూరుకోక అంతా విప్పి చెప్పబాక."

షావుకారు తమలపాకుకు సున్నం రాసుకుంటూ మళ్లీ మొదలుపెట్టాడు.

"అన్ని ఊళ్లకీ బస్సులొచ్చినాయి గదా. ఇంకా నీ బండి ఎవడెక్కుతాడు?"

"బస్సోళ్లు ఎక్కించుకోనోళ్లు నా కాడికే వస్తారయ్యా."

"బేరమాడరా?"

"నా కాడ ఎవురూ బేరమాడరు. ఇచ్చేది ఇచ్చి మొహం తిప్పుకుంటారు."

"తిరిగొచ్చేటప్పుడు కూడా ఎవరన్నా ఎక్కుతారా?"

"లేదయ్యా. పోవటమే. వచ్చేటప్పుడు ఖాళీ బండే."

"ఇదేం యాపారమయ్యా! పోనీ, నీ బండి ఎక్కినోణ్ణి ఒక్కణ్ణి తీసుకురా. వాడొచ్చి నీ గురించి ఒక్క మంచిమాట చెబితే చాలు. మళ్లీ మళ్లీ నీ బండే కావాలనేవాడు ఒకడన్నా ఉంటాడు గదా?"

"రెండోసారి ఎక్కినోళ్లు లేరయ్యా."

"ఓరి నీ అసాధ్యం కూలా! అంత ఘోరంగా తోల్తావా ఏంది!"

షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. శౌరికి నవ్వు రాలేదు. ఇది కూడా పోయినట్టే అనుకున్నాడు. పైగుడ్డ భుజాన వేసుకుని, లేచి దణ్ణం పెట్టాడు.

"కూర్చో," అన్నాడు షావుకారు. "నా కాడికొచ్చే ప్రతివాడూ కోతలు కోస్తాడు. నువ్వేందయ్యా, నీ మీద నువ్వే చాడీలు చెప్పుకుంటన్నావు! నేనూ నెత్తిన ఉప్పు మూట పెట్టుకుని ఊళ్లెంట అమ్మినోణ్ణే. నాకెవడిచ్చాడు రశీదులు? కారు నీకే ఇస్తన్నా. తోలుకుపో."

తాళాలు చేతిలో పడ్డాయి. శౌరికి కళ్లు మసకలు కమ్మాయి. "అయ్యా" అన్నాడు. తాళాలు కళ్లకద్దుకున్నాడు.

"అమ్మా వెంకటలక్ష్మీ! పసుపు కుంకుమ పట్టుకురా. కారుకి బోణీ చెయ్యాలి," అని షావుకారు ఇంట్లోకి కేకేశాడు.

పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన కూతురు నిండు కడుపుతో, పళ్లెం పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది. కారుకు బొట్టు పెట్టింది. నవ్వుతూ తలుపు మీద చెయ్యి వేసింది.

"మా ఇంటి ఆనవాయితీలే," అన్నాడు షావుకారు. "మా పిల్ల ముందెక్కి గుడిదాకా వెళ్లొస్తేగానీ ఏ బండీ ఈ వాకిలి దాటదు. దాని చెయ్యి చానా మంచిది. అది బోణీ చేసిన బండి ఒక్కరోజూ ఖాళీగా నిలబళ్లేదు. ఇక చూస్కో, పల్నాడంతా నీకు బేరాలే!"

శౌరి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మాయిగారు వద్దయ్యా."

"ఏం? మా పిల్లకేమైంది?"

"ఇంకెవరన్నా... అసలీ బోణీయే వద్దయ్యా. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఏందీ? మా ఇంటి పిల్ల ఎక్కితే నీ బండికి మైలా?"

వెంకటలక్ష్మి చెయ్యి తీసేసింది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. అది చూసి షావుకారుకు ఒళ్లు మండింది.

ఉన్నమాట చెబితే శౌరికి కారు ఎలాగూ ఇవ్వరు. చెప్పకపోతే ఆ పిల్ల ఎక్కుతుంది. తాళాలు అరుగు మీద పెట్టి, తలవంచుకుని బయటికి నడిచాడు. షావుకారు తిట్లు వీధి మలుపు దాకా వినపడ్డాయి.

మాచర్ల చేరేసరికి పొద్దుగూకింది. సంగతి విని మార్తమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"చేతికొచ్చిన తాళాలు ఇచ్చేసి వచ్చావా! నీకేం పోయేకాలమయ్యా? ఆ తల్లి ఒక్కసారి ఎక్కి దిగితే నీ సొమ్మేం పోయింది? పద, రేపట్నుంచి ఇద్దరం రాళ్లు కొడదాం పద!"

ఏడుస్తుంటే దగ్గు తెర వచ్చింది ఆమెకు. శౌరి పక్కన కూర్చుని వీపు నిమిరాడు. దగ్గు తగ్గాక అన్నాడు.

"కడుపుతో ఉన్న పిల్లచేత శవాల బండికి బోణీ ఎట్టా చేయించనే, మార్తా?"