ఉప్పు వదలని తొట్టి

"నిర్మలమ్మా, సారుకు చెప్పున్రి. మీ పళ్లెం చేపలు హైదరాబాదుల దిగినయంట."

నకిరేకల్ సడక్ మీద బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే, మెట్టు మీద వేలాడుతూ కండక్టరు అంజన్న కబురు విసిరేశాడు. వాకిట్లో ఇసుక కడుగుతున్న నిర్మల తడి చేతులతోనే బస్సు దగ్గరకు ఉరికింది.

"జంటనేనా అంజన్నా?"

"జంటనే. సారు దోస్తు ఇంట్ల పదిలంగున్నయి. గని ఒక మాట. తొట్టిల ఉప్పు చుక్క గూడ లేదని రేపు పొద్దుగాల నాతోని కబురంపితెనే ఇస్తడట. లేకుంటే అడిగేటోళ్లు వేరే ఉన్నరట."

బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. నిర్మల అక్కడే నిలబడి నవ్వుకుంది. చేపల తలపుకు మనసు గంతులేసింది కానీ, ఉప్పు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ అద్దాల తొట్టి ఆమె పెండ్లికి వచ్చిన కానుక. భర్తకు మద్రాసులో ఉన్న స్నేహితుడొకడు రెండు సముద్రపు చేపల్నీ, వాటితోపాటు పీపాలనిండా సముద్రపు నీళ్లనూ తెచ్చిచ్చాడు. వీధి వీధంతా వచ్చి కిటికీ దగ్గర మూగింది. పీపాలు ఖాళీ అయ్యాక నిర్మల భర్త జంగయ్య, హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషి, బావి నీళ్లలో గల్లుప్పు కలిపి పోశాడు. చేపలు దక్కలేదు.

"పీడ వోయింది. అందరి కండ్లు మనింట్లనే ఉంటుండె," అని అత్త భద్రమ్మ చీపురు అందుకుంది. నిర్మల మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు. పెండ్లయ్యాక ఆమె ఏడ్చింది ఆ ఒక్కసారే. కొత్త పెండ్లాం కండ్లనీళ్లు చూడలేక, మంచినీళ్లలో బతికే, పళ్లెంలా గుండ్రంగా ఉండే చేపలు తెస్తానని జంగయ్య మాటిచ్చాడు.

అప్పటి నుంచీ మొగుడూ పెండ్లాలకు అదే పని. తొట్టి తోమడం, రాళ్లు ఉడకబెట్టడం, తొలకరి వానకు గోళెంలో పట్టిన నీళ్లు పోయడం. తోముతూ ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటుంటే భద్రమ్మ మూతి తిప్పుకునేది.

"మనుషులకు తాగ నీళ్లు లెవ్వు గని, చేపలకు వాన నీళ్లు గావాలె."

కోడి కూయకముందే లేచే ఆ అత్త, తొట్టి ముందు నిలబడి ఏదో గొణుగుతుండటం పక్క మీంచే నిర్మల చెవిన పడేది. "ఇరుగోళ్లు, పొరుగోళ్లు" అన్న మాటలు మాత్రం తెలిసేవి. మూగిన జనం మీది కోపం ఇంకా తగ్గలేదనుకుని, దుప్పట్లో నవ్వుకుని మళ్లీ నిద్రపోయేది.

విచిత్రమేమిటంటే, ఎన్ని నీళ్లు మార్చినా ఉప్పు తొట్టిని వదలడం లేదు. బడి నుంచి తెచ్చిన మందు చుక్క వేస్తే ఉప్పున్న నీళ్లు పాలలా తెల్లబడతాయి. నీళ్లు మార్చిన సాయంత్రం తేటగానే ఉంటున్నాయి, తెల్లారి చుక్క వేసేసరికి తెల్లబడుతున్నాయి. అద్దాల సందుల్లోని లప్పం పాత ఉప్పును తాగి, రాత్రిపూట కక్కుతోందని జంగయ్య అనుమానం.

ఆ సాయంత్రం కబురు విన్న జంగయ్య చొక్కా అయినా విప్పకుండా గాజు గొట్టంలో తొట్టిలోని కొత్త నీళ్లు పట్టాడు. చుక్క వేశాడు. తేటగానే ఉన్నాయి.

"చూసిన్రా, పోయింది ఉప్పు," అంది నిర్మల.

"మాపటికి ఎప్పుడూ గిట్లనే ఉంటది. తెల్లారితే గదా కథ." గొట్టం పక్కన పెట్టాడు. "గోళెంల నీళ్లు గూడ అయిపోయినయి నిర్మలా. అంజన్నకు వద్దని చెప్తా. పానమున్న జీవాలు. చంపనీకి తెచ్చుకుంటమా?"

నిర్మల తలూపింది. కాసేపు అద్దం మీద వేలితో గుండ్రంగా ఒక చేపను గీసింది.

"వాటి సంగతి మీరు చెప్పినప్పటి నుంచి నాకు అదే యాది. పిల్లలు పుడితే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒంటి మీది జిగురు తినబెట్టి సాదుతయని..."

గడపలో బియ్యం చెరుగుతున్న భద్రమ్మ తలెత్తింది. "తండ్రి గూడనా?"

"తండ్రి గూడ అత్తమ్మా."

"గట్లాంటి వాటిని వేరేటోళ్లకు ఇస్తరా?"

"ఉప్పు పోతలేదు గదనే అమ్మా," అన్నాడు జంగయ్య.

"పోకుంటేంది? అప్పటి చేపలకు నువ్వే పోస్తివి గద, దోసిళ్లకు దోసిళ్లు."

"అవి సముద్రంవి. వీటికి ఉప్పు విషమే."

చాట చప్పుడు ఆగిపోయింది. భద్రమ్మ కోడలి మొహం చూసింది, కొడుకు మొహం చూసింది, తర్వాత తొట్టి వైపు చూసింది.

"ఉప్పొక్కటేనా పడనిది?"

"అదొక్కటే."

భద్రమ్మ చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. "రేపు అంజన్నకు పంపమనే చెప్పు కొడుకా. ఇగ తెల్లారినా నీళ్లు తేటగనే ఉంటయి."

"గదెట్ల అత్తమ్మా?" అంది నిర్మల.

భద్రమ్మ ఎవరి మొహమూ చూడకుండా కొంగు సర్దుకుంది.

"రేపట్నుంచి తొట్టికి ఒట్టి మిరపకాయలతోనే దిష్టి తీస్త."