తువ్వాల వేసిన సీటు

పాము కరిచే నాటికి దూలయ్య పెళ్లాంతో మాట్లాడి పదకొండు నెలలైంది.

తప్పనిసరైతే నీళ్లకుండతో మాట్లాడేవాడు. "కుండా, ఆకలైతాందని చెప్పు ఆమెకు." కొండమ్మ కూడా తక్కువదేం కాదు. "కుండా, గంజి ఉట్టి మీద ఉందని చెప్పు ఆయనకు." పాపం, ఇద్దరి మధ్యా ఆ కుండ నలిగిపోయింది.

గొడవంతా డేగపుంజు గురించి. దూలయ్య ప్రాణంగా పెంచుకున్న పుంజు ఒకనాడు మాయమైంది. కొండమ్మే కోసి తన తమ్ముడికి వండిపెట్టిందని అతని అనుమానం. ఆమె ఎన్ని ఒట్లు పెట్టినా చెవికెక్కించుకోలేదు. వచ్చే బుధవారం కులపెద్దల ముందు తెగదెంపులేనని ఊరంతా చాటాడు. సోమవారం పొద్దున చేలో నాగుపాము కరిచింది.

బూర్గంపాడు దవాఖానాకు బండిలో తెచ్చేసరికి రెప్పలు వాలిపోయాయి. నాలుక కదలదు. చెయ్యి లేవదు. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది. డాక్టరు విరుగుడు ఎక్కించి, ఇంకో సూది కోసం జీపులో భద్రాచలం వెళ్లాడు.

కొండమ్మకు ఏడుపు ఆగడం లేదు. మనిషి పోతాడని ఒక ఏడుపు. దొంగ పేరు తన మీదే వదిలేసి పోతాడని ఇంకో ఏడుపు.

"ఏమైంది సారూ ఈయనకు?" అని కాంపౌండర్ రూప్‌సింగ్‌ను అడిగింది.

రూప్‌సింగ్‌కు విడమరిచి చెప్పడమంటే మహా సరదా.

"ఖమ్మం బస్సు ఎక్కినవా అక్కా ఎప్పుడన్న?"

"ఎక్కిన."

"కిటికీల నుంచి సీటు మీద తువ్వాల ఏస్తరు గదా. అది కూసున్నట్టు కాదు, ఇంకొకణ్ని కూసోనియ్యదు. గిదీ గంతే. కండల మీద సన్నసన్న సీట్లుంటయ్. మెదడు పంపిన హుకుం వచ్చి గా సీట్ల కూసుంటేనే రెప్ప లేస్తది. పాము విషం తువ్వాల లెక్క పడ్డది. హుకుం వస్తాంది, సీటు లేక దిగిపోతాంది."

"మరి సూది?"

"సూది పడితే ఎక్కినోణ్ని జల్దీ దిగనియ్యదు. బస్సు కిక్కిరుస్తది. గప్పుడు తువ్వాలను ఎవడు లెక్కజేస్తడు? తీసి అవతల పారేస్తరు."

తర్వాత ఆమెను పక్కకు పిలిచి ఇంకో ముక్క చెప్పాడు. కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బయట ఊరివాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల దగ్గరికి వచ్చి అంది.

"ఒక్కొక్కరే లోపలికి పోండ్రి. మనసుల ఏమున్నా చెప్పుకోండ్రి. ఆయనకేం ఇనబడదు. మీ బరువన్న దిగుతది."

ముందు దూలయ్య పెద్దమ్మ ఎర్రమ్మ వెళ్లింది. "నీ జొన్నచేను మేసింది అడవిపందులు కావు కొడకా, నా మేకలే" అని ముక్కు చీదింది.

"ఇంకేమన్న ఉందా అత్తా?" అంది గుమ్మంలో నిలబడ్డ కొండమ్మ. ఇంకేం లేదు.

చివరన లచ్చయ్య వెళ్లాడు. దూలయ్యకు ప్రాణస్నేహితుడు. పుంజు పోయిన రోజు అడవంతా తిరిగి వెతికినవాడు. మంచం కాళ్ల దగ్గర కూలబడి భోరుమన్నాడు.

"అన్నా, నీ పుంజును తిన్నది నేనేనే. తోడల్లుడు వచ్చిండు, ఇంట్ల కూర లేకపాయె. తునికాకు కల్లంల కోసి, ఎల్లిపాయ కారం పెట్టి వండిన. గంత రుచి మళ్ల సూడలే అన్నా."

కొండమ్మ అతనికి తాగడానికి మంచినీళ్లు ఇచ్చింది.

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. సూది పడింది. అరగంటకు ఎడమ రెప్ప లేచింది, తర్వాత కుడిది. లచ్చయ్య సంతోషం పట్టలేక డాక్టరు కాళ్ల మీద పడ్డాడు.

పొద్దుగూకే వేళకు దూలయ్య నాలుక తిరిగింది. మంచం పక్కనే నీళ్లకుండ ఉంది. అందరూ కుండ వైపే చూశారు.

"కొండమ్మా, ఆకలైతాంది" అన్నాడు దూలయ్య.

"అయ్యో, విషం ఇంక దిగలే" అని ఎర్రమ్మ గాబరాపడింది.

పొద్దున రూప్‌సింగ్ కొండమ్మను పక్కకు పిలిచి చెప్పిన ముక్క ఒక్కటే: "ఆయన ముందు జర ధైర్యంగ మాట్లాడక్కా, చెవులకు తువ్వాల పడలే, అన్నీ ఇంటనే ఉన్నడు."