రాయని లైను

చీకటిపడ్డాక పళ్ల డాక్టరు కూడా వెళ్లిపోయాడు. ముందుగదిలో రిసెప్షనిస్టు పిల్ల ఒక్కతే కంప్యూటర్‌తో కుస్తీ పడుతోంది. పేషెంట్ల కోసం రాస్తున్న చిన్న ప్రోగ్రాం అది. రన్ నొక్కగానే "తర్వాతివారు లోపలికి రండి" అన్న అక్షరాలు తెరమీద కుడినుంచి ఎడమకు జరజరా పాకాయి. ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. ప్రోగ్రాం రాయడం నేర్పిన అక్కకు వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, కదిలింది! ఎడమ అంచు దాటి, మళ్లీ కుడివైపు నుంచి వచ్చేస్తోంది!"

"శభాష్! అక్షరాల్ని మళ్లీ కుడివైపుకు తెచ్చే లైను కూడా ప్రోగ్రాంలో నువ్వే రాసేశావా?"

"అదింకా రాయలేదు. దానంతటదే వస్తోంది."

"చాల్లే వేళాకోళం. ఆ లైను లేకపోతే పోయింది పోయినట్టేనే. ఎవరో ఒకరు మోసుకురావాలి."

నవ్వుతూనే ఆ పిల్ల ప్రోగ్రాంను పైనుంచి కిందిదాకా చూసింది. నిజమే, ఆ లైను లేదు. అక్షరాలు మళ్లీ ఎడమ అంచు దాటాయి. ఎడమచేతి వైపు, నేలమీద ఏదో ఈడ్చుకెళ్తున్న చప్పుడైంది. అది కుర్చీ వెనకనుంచి కుడివైపుకు జరిగింది. అప్పుడు అక్షరాలు కుడి అంచులోంచి తల బయటపెట్టాయి.

"ఏమైందే? ఆ లైను కనబడిందా?" అంది అక్క.

అక్షరాలు ఇంకోసారి ఎడమ అంచు దాటాయి. చప్పుడు బయల్దేరింది. ఈసారి అది కుడివైపు దాకా పోలేదు. కుర్చీ వెనకే ఆగింది.