బేకరీలో ఊపిరి

సైన్యం నుంచి తిరిగొచ్చాక అతనికి ఏ కొలువూ పట్టుమని పది రోజులు నిలవలేదు. ఎక్కడైనా టైరు పేలితే నేలకు కరుచుకునేవాడు. వెనక నుంచి పలకరించిన మనిషి మీద చెయ్యి చేసుకునేవాడు. చివరికి అక్క మొగుడే తన బేకరీలో పనికి పెట్టుకున్నాడు. అక్కడా అతను గోడకు వీపు పెట్టుకునే పిండి పిసికేవాడు.

"ఇక్కడ మనం కాల్చేది రొట్టెల్నిరా, మనుషుల్ని కాదు," అని బావ నవ్వేవాడు.

ఆ రాత్రి బావ భోజనానికి ఇంటికెళ్ళాడు. అతను షట్టర్ దించి, లోపల గడియ వేసి, అలవాటుగా మూలమూలా వెతికి చూసుకున్నాడు. ఎవరూ లేరు. కాసేపటికి కరెంటు పోయింది. పిండి కలిపే యంత్రం రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మైదా బస్తాల వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"బావా, నువ్వేనా?"

ఊపిరి టక్కున ఆగింది.

ఆ తర్వాత అతను ఆలోచించలేదు. చేతులకు వచ్చిన పని చేతులే చేశాయి. చీకట్లోకి దూకి, దొరికిన మెడను నేలకు అదిమి, రెండు బొటనవేళ్ళూ గొంతులోకి దించాడు. గోళ్ళు అతని మొహాన్ని చీరాయి. కాళ్ళు బస్తాలను తన్నాయి. ఏదో ఎముక పటుక్కుమంది. ఇంటికొచ్చిన ఇన్నాళ్ళలో మొదటిసారి అతని గుండె నిమ్మళంగా కొట్టుకుంటోంది.

అప్పుడు బయట నుంచి ఎవరో షట్టర్ తట్టారు.

"ఒరేయ్, తలుపు తియ్యి," అంది బావ గొంతు. "మీ అక్క నీకూ క్యారేజీ కట్టింది."

అతని చేతుల కింది గొంతు ఇంకా గుటక వేస్తూనే ఉంది. తలుపు తీయాలంటే దాన్ని వదలాలి.